దొర గుమ్మటంలో లాంతరు

ఇంద్రేశం దాటినంక తుమ్మల నడుమ దొర గుమ్మటం ఉంది. పొద్దుగూకితే పసులు సుత అటు మెసలవు అంటరు. నిజాం కొలువుల ఫిరంగులు పోతపోసిన ఓ తెల్లదొరకు ఆయన బేగం కట్టించిన సమాధి అది — పైన గుమ్మటం, మూలలకు మినార్లు, లోపల మసీదుల మెహ్రాబు లాంటి కమాను కింద రాతి సిలువ.

పోలీస్ యాక్షన్ అయిన ఐదేండ్లకు, పటాన్‌చెరులో ఫొటోలు దింపే గులాం రసూల్‌కు పట్నం అధికారి కాడ్నుంచి కబురొచ్చింది. ఆ కమాను, ఆ సిలువ ఒక్క బొమ్మల పడాలె. పడితే, పాత కట్టడాల ఫొటోలు దింపే సర్కారు నౌకరీ.

పగలైతే ఎదురు కిటికీ ఎండకు కెమెరల బొమ్మ పడే గాజుపలక ఖరాబైతది. అందుకే రాత్రి... తాతనాటి కెమెరా మూత తీసిపెట్టి, మంట కెమెరకు కనబడకుంట రేకు అడ్డం కట్టిన లాంతరును లోపల గంటసేపు తిప్పాలె. కదిలే మనిషి పలక మీద పడదు. ఆగితే పడ్తది.

తిప్పేటందుకు గడ్డికోసే బక్కమ్మను పట్టుకొచ్చిండు.

"సచ్చిన నీ పెనిమిటిని జాతరల దింపిన గదా. ఆ ఫొటో ఇస్త."

"ఆయన మొకమే యాదికొస్తలేదు సాబ్," అని బక్కమ్మ లాంతరు అందుకున్నది.

ఆమె పెనిమిటి బొమ్మ పడ్డ గాజుపలకను రసూల్ ఎన్నడో గీకి, కడిగి, తన కిటికీకి బిగించుకున్నడు.

మూత తీసిండు. తలుపు పక్కన నిలవడ్డ రసూల్‌కు గోడ మీది వెలుగే కనబడుతున్నది. ఒక చుట్టు... ఇంకో సగం... వెలుగు ఆగింది.

"సాబ్... కాలికేందో కరిచింది—"

"ఆగకు! బొమ్మ ఖరాబైతది. నడువ్!"

"మండుతున్నది సాబ్..."

"పెనిమిటి ఫొటో వద్దా?"

ఊపిరి ఎగబీల్చిన చప్పుడు. తర్వాత... వెలుగు కదిలింది. మెల్లగ, ఒక్క తడబాటు లేకుంట. గోడలెంట, కమాను కింద, సిలువ చుట్టు — గంట నిండేదాక.

"గట్ల నడువాలె," అని రసూల్ మురిసిండు.

మూత పెట్టి పిలిచిండు. పలుకు లేదు. లాంతరు సమాధి మీద పెట్టి ఉంది. కింద బక్కమ్మ — కట్టె లెక్క, సల్లగ.

తెల్లారి పలకను మందునీళ్లల్ల ముంచిండు. కమాను పడ్డది. సిలువ పడ్డది. సమాధి పక్కన బక్కమ్మ సుత పడ్డది — నేల మీద ఒరిగి, చేతి గాజులు లెక్కబెట్టేటంత స్పష్టంగ.

గంటసేపు కదలని మనిషే గట్ల పడ్తది...

 రసూల్ సన్నకత్తి తీసి, పలక మీది ఆమె బొమ్మను నేల రంగుల కలిసిపోయేటట్టు గీకేసిండు. బొమ్మ పట్నం పట్టుకపోయిండు.

అధికారి భూతద్దం పెట్టి చూసిండు.

"శభాష్ రసూల్ మియా! నౌకరీ నీదే. ఒక్క మూల సుత చీకటి లేదు... ఇంతకూ లాంతరు ఎవరు పట్టుకున్నరు?"

బక్కమ్మ పేరు రసూల్ నోటిదాక వచ్చి... ఆగింది — ఆ గంటసేపు ఆమె కదలనే లేదు.