ఐదో గూట్లో మూడో నంబరు

ఖాజాగూడ చెరువు ఒడ్డున రామన్న శవం బోర్లా పడి ఉంది. కాళ్లు నీళ్లలో, మొండెం రాళ్ల మీద.

1949 మార్చి. ఉదయం ఎనిమిదీ పది.

"నాచు మీద కాలు జారినట్టున్నది, అమీన్ సాబ్," అన్నాడు కానిస్టేబుల్.

సబ్ ఇన్‌స్పెక్టర్ ఐలయ్య వంగి చూశాడు. పగిలింది తల వెనక భాగం.

"బోర్లా పడ్డోనికి వెనక దెబ్బెట్ల తగుల్తది?"

కానిస్టేబుల్ కూడా వంగి చూశాడు.

శవానికి నాలుగడుగుల దూరంలో, తాడుతో రాయికి కట్టి, ఒక రేకు ఓడ తేలుతోంది. మనిషి పొడవుంది. సన్నటి ముక్కు, నాలుగు పొగగొట్టాలు. ఏమాత్రం ఒరగకుండా నిలబడి ఉంది. పక్కన గీసిన ఎర్ర గీత మాత్రం నీటికి వేలెడు పైన ఉంది.

రామన్న బొంబాయి డాక్‌లో ఇరవయ్యేడేళ్లు డ్రాయింగులు గీసినవాడు. రిటైరై ఊరికొచ్చాక ఒకటే ధ్యాస. ఆవిరి టర్బైన్లు కొత్తగా వచ్చిన రోజుల్లో, 1907లో, పల్చటి రేకులతో, గంటకు ముప్పై సముద్ర మైళ్ల వేగంతో పోయే యుద్ధనౌక కట్టి ఉంటే ఎలా ఉండేది? ఎవరూ కట్టని ఆ ఓడకు మూడేళ్లుగా ప్లాన్లు గీస్తున్నాడు. ఈ రోజు పొద్దున మొదటిసారి దాని నమూనాను నీళ్లలో దింపాడు.

ఐలయ్య రామన్న ఇంటికెళ్లి డ్రాయింగు తీసి చూశాడు. ఎర్ర గీత దాకా మునగాలని రాసి ఉంది. తులం బరువు కూడా వదలకుండా లెక్క కట్టిన మనిషి వేలెడు తప్పుతాడా?

మళ్లీ చెరువుకొచ్చి ఓడ మూత విప్పాడు. లోపల ముందు నుంచి వెనక్కి ఐదు గూళ్లు. నాలుగింట్లో సీసం కడ్డీలు. నడిమి గూడు ఖాళీ.

కడ్డీలు ఒక్కొక్కటే తీసి తిరగేశాడు. ఆఖరిదాన్ని రెండుసార్లు చూశాడు.

తర్వాత ముగ్గురిని పిలిపించాడు.

మొదట రుక్కమ్మ, రామన్న చెల్లెలు. అన్న దగ్గరే ఉంటోంది.

"మీ అన్న చెరువుకు ఎన్నింటికి పోయిండు?"

"ఆరు గాకముందే. నేను పొయ్యి ముట్టిస్తున్న."

"ఆయన మీద నీకు కోపముందా?"

"ఉన్నది." ఆమె దాచలేదు. "పందొమ్మిదేండ్ల కింద గోదాట్ల లాంచీ నడుమకు ఇరిగింది. పదకొండు మంది సచ్చిండ్రు. రివెట్లు సరిగ్గ కొట్టలేదని మా ఆయన పోచయ్యను జైల్ల ఏసిండ్రు. ఆడ్నే పాణమిడిసిండు. మళ్ల ఇంట్ల ఓడలేందని రోజూ కొట్లాడేదాన్ని."

రెండోవాడు నార్సింగి కంచరి రాజయ్య. నమూనా చేసింది ఆయనే. ఆరున్నరకు శవాన్ని చూసిందీ ఆయనే.

"సీసం కడ్డీలు ఎన్ని పోసినవ్?"

"ఐదు. ఒక్కోటి రెండు సేర్లు. కలగలుపు గావద్దని అడుగున నంబర్లు గొట్టిన."

మూడోవాడు వీరేశం. హఫీజ్‌పేట్‌లో ఉంటాడు, రిటైరైన ఇంజనీరు, రామన్నకు పాత దోస్తు. ఏడున్నరకు సైకిల్ మీద వచ్చానన్నాడు.

"ఓడను ఇంతకుముందు చూసిండ్రా, ఇంజనీర్ సాబ్?"

"పైనుంచి చూసిన. మూత విప్పంగ ఎన్నడూ చూడలే."

సాయంత్రం నాలుగింటికి ఐలయ్య ముగ్గురినీ ఒడ్డున నిలబెట్టాడు. ఓడ ముక్కు నీళ్లలోకి వంగి ఉంది.

"రాజయ్యా, ఒక కడ్డీ తక్కువున్నది. ఓడను సమం చెయ్."

రాజయ్య మూత తీసి వంగాడు. ఆయన వీపు చాటున లోపల ఏముందో ఎవరికీ కనబడదు. కడ్డీని అటు మార్చాడు, ఇటు మార్చాడు. ముక్కు లేవలేదు. చెమటలు పట్టాయి. పావుగంటైంది.

వీరేశం పళ్లు కొరికాడు. వంగిన ఓడను చూస్తూ ఊరుకోవడం ఆయన వల్ల కాలేదు.

"అన్నీ ముందు ఎట్లున్నయో అట్ల పెట్టు. నడిమి దాన్ని తీసి ఆఖరి గూట్ల ఎయ్యరాదయ్యా!"

రాజయ్య వేశాడు. ఓడ సమంగా నిలిచింది.

ఐలయ్య వీరేశం వైపు తిరిగాడు.

"ఖాళీ గూడు ఆఖరుదని మీకెవరు చెప్పిండ్రు, సాబ్?" అన్నాడు ఐలయ్య.

"అది... ముక్కు వంగితే వెనక బరువు తక్కువని తెలుస్తది గదా."

"తెలుస్తది. నడుమ గూడున్నదని, అండ్ల కడ్డీ ఉన్నదని గూడ తెలుస్తదా?" ఐలయ్య కడ్డీ తీసి తిరగేశాడు. "పొద్దున గూడ ఐదో గూట్ల ఉన్న కడ్డీ మీద మూడు అంకె ఉన్నది. దాన్ని మళ్ల నడుమ పెట్టి ఓడను వంచింది నేనే. చంపినోడు ఆఖరి కడ్డీ గుంజి కొట్టిండు. ఓడ వంగింది. ఎవరన్న అనుమానపడ్తరని నడిమి దాన్ని వెనక్కి జరిపిండు. రుక్కమ్మకు ఆ లెక్క తెల్వదు. రాజయ్యకు నంబర్ల సంగతి తెలుసు, అట్ల పెట్టడు. మిగిలింది మీరే. మధ్యాహ్నం మావోళ్లు చెరువుల దిగిండ్రు. ఐదో నంబరు దొరికింది."

వీరేశం రాయి మీద కూలబడ్డాడు.

"రేకు ఎంత పల్చగుంటే ఓడ ఇరుగుతదో చూస్తనని గోదాట్ల ఇరిగిన లాంచీకి నేను గీసిన కాయితాలు తిరగేసిండు." అన్నాడు. "అండ్ల బొగ్గు బరువు నేను లెక్కల ఎయ్యలే. మర్చిపోయిన. కోర్టుల ఆ మాట చెప్పడానికి ధైర్యం చాలలే. ఇయ్యాల రుక్కమ్మకు చెప్తనన్నడు. చెప్పకురా అని కాళ్లు పట్టుకున్న. ఇన్లే. ఓడ దిక్కు తిరిగిండు..."

కానిస్టేబుల్ బేడీలు తీశాడు.

రుక్కమ్మ ఏడవలేదు. వీరేశాన్ని జీపెక్కించేదాకా అలాగే చూసింది. తర్వాత ఐలయ్య దగ్గరికొచ్చింది.

"నాకు సదువు రాదు. జర ఒక కాయితం రాస్తవా, బిడ్డా?"

"ఎవరికమ్మా?"

"నా బిడ్డ నీలమ్మకు. అత్తగారింట్ల తండ్రి పేరు చెప్పుకోకుండ బతుకుతున్నది."

ఐలయ్య జీపు బానెట్ మీద కాగితం పరిచి పెన్ను తీశాడు.

"ఏం రాయమంటవు?"

రుక్కమ్మ కాగితం దగ్గరికి వంగింది.

"మీ నాయిన కొట్టిన రివెట్లు ఒక్కటి గూడ ఊడలేదని రాయి."