ఎండిన గుడ్డ

"విను, సెవెంటీన్," అంది ఫ్లాస్కు మూతలోంచి చీఫ్ గొంతు. "విమానం నెత్తిమీదే తిరుగుతోంది. పొగమంచు విడవదని రిపోర్టు వెళ్తే కొండల అవతలి స్ట్రిప్‌కి మళ్ళిపోతుంది. అక్కడ ముఠా కాచుక్కూచుంది. టైము ఇరవై నిమిషాలు. ఓవర్."

విమానంలో ఉన్నది నిన్నటిదాకా శత్రువుల ఆఫీసులో ఫైళ్ళు మోసిన గుమాస్తా. ముఠా సభ్యుల పేర్లన్నీ తెస్తున్నాడు. "నీ ప్రాణానికి నాది పూచీ" అని మాటిచ్చింది సెవెంటీనే.

థర్మామీటర్ల మెకానిక్కు వేషంలో వాతావరణ ఆఫీసులో అడుగుపెట్టగానే అతను ముక్కు మూసుకున్నాడు. టీ కప్పుల్లో సిగరెట్ పీకలు, తడి గోనెపట్టా కంపు, ఆ పైన టైపిస్టు గుమ్మరించుకున్న సెంటు. కిటికీ అవతల చాపిన చెయ్యి కనబడని మంచు, ఈవిడకి నల్ల కళ్ళద్దాలు!

"పాలు విరిగాయా?" అన్నాడు సంకేతంగా.

"పెరుగూ పులిసింది." ఆమె డబుల్ ఏజెంట్. ముఠా తమ మనిషే అనుకుంటోంది. గొంతు తగ్గించింది. "ఫోర్‌కాస్టర్ అమ్ముడుపోయాడు. రిజిస్టర్లో మాత్రం ఒక్క తప్పూ లేదు. అలా మొహం చిట్లించకు, ఈ సెంటు చూసే వాడు నన్ను నమ్మాడు."

ఫోర్‌కాస్టర్ తల దువ్వుకుంటూ వచ్చి ఫోనెత్తాడు. "రెండు థర్మామీటర్లూ ఒకటే అంకె. గాలినిండా తేమే. పదింటిదాకా మంచు విడవదు. టవర్‌కి చెప్పేస్తున్నా."

కిటికీ రెక్క టపటపా కొట్టుకుంది. గాలి లేచింది, పొద్దూ ఎక్కుతోంది. ఇంకా ఒకటే అంకె ఎలా ఉంటుంది? సెవెంటీన్ మేడమెట్లు రెండేసి చొప్పున ఎక్కాడు.

తెల్ల పెట్టెలో రెండు థర్మామీటర్లు. ఒకదాని బల్బుకి తడిగుడ్డ చుట్టి ఉండాలి. గాలి పొడిబారితే గుడ్డలో తడి ఆరుతూ దాన్ని చల్లబరుస్తుంది, అంకె దిగుతుంది. అతను గుడ్డ ముట్టుకున్నాడు. గరగరలాడింది. కింద నీళ్ళగిన్నె శుభ్రంగా తుడిచిపెట్టి ఉంది.

ఒక మనిషి ప్రాణం తియ్యడానికి ఇంత నీచమైన ఏర్పాటా! చుట్టూ చుక్క నీళ్ళు లేవు, ఫ్లాస్కునిండా రేడియో తీగలే.

"థూ!" అని గుడ్డ మీద ఉమ్మాడు.

రెండు నిమిషాలకి పాదరసం దిగడం మొదలెట్టింది. అర డిగ్రీ. ముప్పావు. ఒకటి.

కిందికి దూకేసరికి లిప్‌స్టిక్ పిస్టల్ ఫోర్‌కాస్టర్ కణతకి ఆనించి ఉంది. ఫోను టైపిస్టు రెండో చేతిలో ఉంది. "టవర్ విమానాన్ని ఇప్పుడే మళ్ళమంటోంది!"

సెవెంటీన్ లాక్కున్నాడు. "ఆగండి! తడి గుడ్డ ఎండిపోయింది. నేను తడిపి చూశాను."

"తేడా ఎంత?" అంది టవర్.

"ఒక డిగ్రీ."

"పెరుగుతోందా?"

"పెరుగుతోంది."

"రెండు చుట్లు ఆపుతాను. అంతకంటే ఇంధనం లేదు."

మొదటి చుట్టు అయింది. తెలుపు తప్ప ఏమీ లేదు. సెవెంటీన్‌కి నోరెండిపోయింది. రెండో చుట్టు సగంలో రన్‌వే దీపమొకటి బయటపడింది, తర్వాత నాలుగు, తర్వాత బారంతా. చక్రాలు నేల తాకాయి. గుమాస్తా ఫైలు కౌగిలించుకుని మెట్లు దిగుతుంటే సెవెంటీన్ గోడకి చేరగిలబడ్డాడు.

బేడీలు పడ్డ ఫోర్‌కాస్టర్ రిజిస్టరు చూపించాడు. "నేనొక్క అబద్ధమూ రాయలేదు సార్. థర్మామీటర్ చూపించిందే రాశాను."

"దానికి సిగ్గుందిరా," అన్నాడు సెవెంటీన్. "ఒక్కసారి ఉమ్మితే నిజం చెప్పింది. నీ మీద ఉమ్మడం ఉమ్మి దండగ."