కాన్పు క్లాసులో ఒకే ఒక్క మగాడు

"శనివారం నాలుగింటికి క్లాసుందండి. మీరు రావాలి."

మస్కట్ నుంచి ఏడు నెలల తర్వాత వచ్చిన మొగుడితో భవాని అన్న మొదటి మాట ఇదే. గంగాధర్ చేతిలో సూట్‌కేసు ఇంకా కింద పెట్టనేలేదు.

"ఏం క్లాసు?"

"కాన్పుకి ముందు నేర్పుతారంట. నొప్పులొస్తే ఏం చెయ్యాలి, ఊపిరెలా తియ్యాలి, అన్నీని. అమలాపురం నర్సింగ్ హోమ్‌లో."

గంగాధర్ పగలబడి నవ్వాడు. "మా అమ్మ ఐదుగుర్ని కంది. ఏ ట్యూషన్‌కి వెళ్ళిందేంటి?"

భవాని నవ్వలేదు. పెళ్ళయిన నలభై రోజులకే విమానం ఎక్కేసిన మనిషికి పెళ్ళాం కోపం ఎలా ఉంటుందో తెలియదు. ఆ రోజు తెలిసింది.

కాసేపటికి ఆమే మెత్తబడింది. "నాకు భయంగా ఉందండి. ఆ వేళకి మీరు నా పక్కనుండాలి. క్లాసులన్నిటికీ వచ్చిన మొగుణ్ణే అక్కడ నేర్పే మెర్సీ సిస్టరు గారు పురిటి గదిలోకి రానిస్తారు."

ఆ మాట వినగానే అత్తగారు వీరాయమ్మ వంటింట్లోంచి గరిటెతో సహా వచ్చేసింది. తొలి కాన్పు పుట్టింట్లోనే కాబట్టి, అల్లవరంలోని ఆ ఇంట్లో ఆమె మాటే చెల్లుతుంది.

"పురిటి గదిలోకి మగాళ్ళా! మా ఇంటా వంటా లేదమ్మా. అల్లుడు గారు బయట బెంచీ మీద కూర్చుంటే చాలు."

అటు అత్తగారు, ఇటు భార్య. పైగా అతను రక్తం చూస్తే కళ్ళు తిరిగే మనిషి. గంగాధర్ పని అడకత్తెరలో పోకచెక్క అయింది.

అయినా శనివారం వెళ్ళాడు. నర్సింగ్ హోమ్ మేడ మీద చాపలు పరిచి ఉన్నాయి. ఏడుగురు నిండు చూలాళ్ళు, వాళ్ళ తల్లులు. మగవాడు అతనొక్కడే. విప్పిన చెప్పులు మళ్ళీ వేసేసుకోబోయాడు.

"ఆయ్, రండి బాబూ! ఇన్నాళ్ళకి ఒక మొగుడు గారు దొరికేరు," అంది మెర్సీ సిస్టరు. "మీ ఆవిడ నడుం మీద అరచెయ్యి ఆనించి నొక్కండి."

అందరి ముందూ! ఇస్త్రీపెట్టె వేడెక్కిందో లేదో చూసినట్టు రెండు వేళ్ళతో తాకాడు. తల్లులందరూ కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

"గట్టిగా నొక్కండి. ఆవిడ మీ ఆవిడే!"

భవాని చెవులు ఎర్రబడ్డాయి.

తర్వాత సిస్టరు ఒక చెక్క గొట్టం తెచ్చి, ఒక కొస భవాని పొట్టకి, రెండో కొస అతని చెవికి ఆనించింది. ముందు ఏమీ లేదు. తర్వాత వినిపించింది. చిన్నగా, గబగబా, కాలవ మలుపు అవతల ఇంజను పడవ వస్తున్నట్టు.

గంగాధర్‌కి తల ఎత్తబుద్ధి కాలేదు.

"ఏవండీ, ఏమైంది?"

"ఎవరో ఉన్నారు భవానీ," అన్నాడు.

పిచ్చి మాటే. కానీ ఇన్ని నెలలూ ఫోన్లో విన్న కబురు ఆ క్షణాన మనిషయింది.

ఇక ఒక్క శనివారమూ మానలేదు. ఇంట్లో కూడా "ముక్కుతో తీసుకో, నోటితో వదులు" అని సాధనే.

"కాన్పు మా అమ్మాయికా, మీకా అల్లుడు గారూ?" అనేది వీరాయమ్మ.

తిరుగు బస్సులో కిటికీ మూతపడక వాన జల్లు ఇద్దర్నీ తడిపేది. భవానికి పనసతొనలంటే ప్రాణమనీ, ఉరుమంటే హడలనీ, అబద్ధమాడితే ముక్కు గోక్కుంటుందనీ పెళ్ళయిన తొమ్మిది నెలలకి తెలుసుకున్నాడు. శుభలేఖలో ఇవేవీ వెయ్యరు కదా.

నాలుగో క్లాసు అయ్యాక వచ్చిన బుధవారం ఉదయం నొప్పులు మొదలయ్యాయి. నర్సింగ్ హోమ్‌లో పురిటి గది తలుపుకి వీరాయమ్మ అడ్డంగా నిలబడింది.

"మీరిక్కడే ఉండండి."

లోపల్నుంచి "ఏవండీ!" అని కేక వినబడింది.

"తప్పుకోండి అత్తయ్యగారూ. భవానికి మాటిచ్చేను," అని గంగాధర్ లోపలికి వెళ్ళిపోయాడు.

తీరా వెళ్ళాక నాలుగు శనివారాల చదువూ గంగలో కలిసింది. ఏ నొప్పికి ఏ ఊపిరో ఒక్కటీ గుర్తు రాలేదు. భవాని అతని చెయ్యి పట్టుకుని అరిచింది. "ముందు మీరు ఊపిరి తియ్యండి!"

అప్పుడు తెలిసింది, తను ఊపిరి బిగపట్టుకుని ఉన్నాడని. ఇద్దరూ కలిసి తీశారు, కలిసి వదిలారు.

మధ్యాహ్నం దాకా అంతే. ఆ సన్నటి మనిషిలో అంత బలం ఎక్కడ దాగుందో అతనికి అంతుపట్టలేదు. నొప్పి విరుచుకుపడేది, ఆమె పళ్ళ బిగువున ఓర్చేది. మధ్యలో అతని మొహం చూసి నవ్వింది కూడా. రక్తం చూశాడు. కళ్ళు తిరగాలన్న సంగతే మర్చిపోయాడు. ఆఖరికి ఒక తల, ఒక భుజం, ఆపైన కెవ్వుమంటూ ఒక ఆడపిల్ల. గదిలో అంతకు ముందు లేని మనిషి! రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాలనిపించింది. ఒక చెయ్యి భవాని వదల్లేదు.

"భవానీ, నువ్వంటే నాకు..." ఏడుపు అడ్డొచ్చింది.

"తెలుసండి," అంది ఆమె నీరసంగా నవ్వుతూ. "వెళ్ళి అమ్మకి చెప్పండి."

బయట బెంచీ మీద వీరాయమ్మ ఒక్కతే కూర్చుని ఉంది.

"ఆడపిల్లండి. ఇద్దరూ బాగున్నారు."

ఆమె దేవుడికి దణ్ణం పెట్టుకుంది. తర్వాత అతని ఎర్రబడ్డ కళ్ళకేసి చూసింది. "అంతా చూసేరా?"

"చూసేనండి. అత్తయ్యగారూ, మీరు ఇదంతా నాలుగుసార్లు..."

వంగి ఆమె కాళ్ళకి దణ్ణం పెట్టాడు. వీరాయమ్మ కంగారుగా కాళ్ళు వెనక్కి లాక్కోబోయి, ఆగిపోయింది.

"నాలుగు కాన్పులకీ మీ మావయ్యగారు చేలోనే ఉన్నారండి," అంది. "ఎలా జరిగిందే అని ఒక్కనాడూ అడగలేదు."

గంగాధర్ ఆమె పక్కన బెంచీ మీద కూర్చున్నాడు. "ఎలా జరిగిందండీ?"

వీరాయమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుని, తన తొలి కాన్పు సంగతి మొదటిసారిగా ఒక మనిషికి చెప్పసాగింది.