పొద్దు గుంకాక పెట్టిన ముద్ద

పొంబుచ్చ కోట వంటశాలలో ఆ రోజు మధ్యాహ్నానికే పనసపొట్టు కూర మూడు గంగాళాలు ఖాళీ అయ్యాయి. పట్టాభిషేకమంటే రాజుకి ఉపవాసం, ఊరికి విందు. చామవ్వ కొంగు నడుముకి బిగించి, ఇద్దరి పని ఒక్కతే చేస్తూ, కనపడినవాళ్ళనల్లా తిడుతోంది. తిట్టకపోతే ఆవిడకి చెయ్యి ఆడదు. శ్రావణమాసపు ముసురు మూడు రోజులుగా వదల్లేదు. దంచిన మిరియాల ఘాటు, తడికట్టెల పొగ, కాగిన నెయ్యి కమ్మదనం అన్నీ కలిసి కప్పు కిందే నిలిచిపోయాయి.

సాయంత్రానికి పొయ్యిలన్నీ ఆర్పించేసింది. శాంతర రాజుల వంటింట్లో పొద్దు గుంకాక నిప్పు ఉండకూడదు. జైనుల ఇల్లు కదా, చీకట్లో పురుగూ పుట్రా చస్తాయని ఊరివాళ్ళు అనుకుంటారు. అదీ నిజమే. వంటవాళ్ళకి మాత్రం ఇంకో కారణం తెలుసు.

ఈ వంశానికి మూలపురుషుడు ఉత్తరాన ఎక్కడో రాజకుమారుడు. అతని తండ్రికి ఒకనాడు మాంసం దొరక్కపోతే, వంటవాడు భయపడి వండరానిది వండి పెట్టాడు. రాజు లొట్టలు వేసి రేపూ ఇదే కావాలన్నాడు. ఆ తర్వాత ఆ ఊళ్ళో ఉయ్యాలలు ఒక్కొక్కటే ఖాళీ అయ్యాయి. కొడుకు భరించలేక, అమ్మవారి విగ్రహాన్ని వీపున కట్టుకుని గుర్రమెక్కి దక్షిణానికి పారిపోయి వచ్చాడు. పద్మావతీదేవి ఆగమన్న చోట, అంటే ఇక్కడ, రాజ్యం కట్టాడు. తండ్రీ గుర్రమెక్కి, ఆకలితో వెంటపడ్డాడు. దారిలోనే చచ్చాడంటారు గానీ ఎక్కడో ఎవరూ చెప్పరు. చీకటి పడ్డాక ఈ ఇంట పొయ్యి వెలిగితే ఆ పొగ పట్టుకుని వస్తాడని చామవ్వకి అత్తగారు చెప్పింది, ఆవిడకి వాళ్ళ అత్తగారు. నాడు వండిన ఆ మహానుభావుడు వాళ్ళ ఇంటివాడే మరి.

పొద్దు గుంకిందని గడియగంట మోగింది. ఆ మబ్బులో పొద్దు ఎటుందో ఎవరికీ కనపడలేదు.

"అవ్వా..."

గుమ్మం పట్టుకుని కొత్త రాజు మారరసు నిలబడ్డాడు. కిరీటం లేదు. పద్దెనిమిదేళ్ళవాడు, తడిసిన జుట్టుతో ఎనిమిదేళ్ళవాడిలా ఉన్నాడు. తల్లి పురిట్లోనే పోతే చామవ్వే తన కూతురు సాంతవ్వతో పాటు పాలిచ్చి పెంచింది.

"కడుపులో ఎలుకలు పరిగెడుతున్నాయే అవ్వా! నిన్న మధ్యాహ్నం తిన్నాను. కాస్త పెట్టు."

"గంట మోగింది నాయనా. తెల్లారనీ."

"ఈ డోళ్ళ మోతలో గంట ఎవరు విన్నారు? నువ్వు విన్నావా?"

చామవ్వ విన్నది. పిల్లవాడి పెదవులు పాలిపోయి ఉన్నాయి. చూడలేకపోయింది.

"లేదులే, కూర్చో," అంది.

పొయ్యి రాజేసి అన్నం వేడిచేసింది. ఆకు వేసి, పప్పూ కూరా వడ్డించి, నెయ్యి ధారగా పోసింది. మొదట గబగబా తిన్నాడు. తర్వాత మెల్లగా... తర్వాత ఆగి, నములుతున్నది ఏమిటో ఆలోచిస్తున్నట్టు చూశాడు.

వంటశాలలో నెయ్యి వాసన పోయింది. దూరం నుంచి వచ్చి అలిసిన గుర్రం వాసన. చెమట, తడితోలు...

చామవ్వ గరిటె పట్టుకుని వంగింది. వంగి అలాగే ఉండిపోయింది. మారరసు తన వైపు నుంచి తింటున్నాడు. ఆకు అవతలి అంచున కూడా అన్నంలో వేళ్ళ గాట్లు పడి ఉన్నాయి. ఐదు వేళ్ళు. పెద్ద చెయ్యి. ఆవిడ చూస్తుండగానే ఇంకో ముద్ద తగ్గింది.

"ఇందులో ఏదో తక్కువైంది అవ్వా," అన్నాడు మారరసు నెమ్మదిగా. "సాంతి కూతురికి ఎన్నో నెల?"

"నా... నాలుగు."

"రేపు పొద్దు గుంకాక తీసుకురా. పేరు నేనే పెడతాను."

చెయ్యి కడుక్కుని, పాపం, బుద్ధిగా పడుకోవడానికి వెళ్ళిపోయాడు.

మర్నాడు చామవ్వ కూతుర్నీ మనవరాల్నీ గుట్ట దాటించింది.

"బారసాల చేస్తానంటే పారిపోవడమేమిటమ్మా? వాడు నా తమ్ముడి లెక్క!" అంది సాంతవ్వ.

"వాడు నీ తమ్ముడే. వాడి పక్కన కూర్చున్నవాడు కాదు. నోరుమూసుకుని నడువు. తుంగానది ఒడ్డుకి చేరేదాకా వెనక్కి చూడకు."

పాప తలమీద ముద్దు పెట్టింది. పాలవాసన. ఆ వాసన కొంగుకి అంటుకుందేమోనని భయపడి, ఇంటికి రాగానే చీర మార్చింది. కాళ్ళు కడుక్కుని, గంట మోగాక ఒంటరిగా కోటలోకి వెళ్ళింది. వెళ్ళకపోతే వెతుకుతారు. వెళ్తే కాస్త ఆలస్యం చెయ్యొచ్చని ఆశ.

భోజనాల గదిలో ఒకే దీపం ఉంది. మారరసు ముందు రెండు ఆకులు. పక్క పీట మీద ఎవరూ లేరు. దానిమీద పరిచిన పట్టుగుడ్డ మాత్రం ఎవరో బరువుగా కూర్చున్నట్టు నడుమ గుంటపడి ఉంది.

"ఒక్కదానివే వచ్చావా?"

"పాపకి ఒళ్ళు కాలుతోంది దొరా. ఇంట్లో పడుకోబెట్టాను."

మారరసు ఖాళీ పీట వైపు చెవి వంచాడు. విన్నాడు.

"ఇంట్లో లేదంటున్నాడు."

చామవ్వ ఒకడుగు వెనక్కి వేసింది.

"నీ కాలివేళ్ళ సందున ఎర్రమట్టి ఉందిట. మన ఊరి నేల నలుపు కదా. ఎర్రమట్టి ఏ దారిలో ఉంటుందని అడుగుతున్నాడు..." అతని కళ్ళల్లో నీళ్ళు. "నన్ను వదలడు అవ్వా. ఏం చెప్పను?"

"చెప్పకు..." అనబోయింది.

మారరసు పెదవులు కదిలాయి. ఒకే మాట. ఆవిడకి వినపడలేదు.

గుంటపడిన పట్టుగుడ్డ మెల్లగా పైకి లేచి చదునైంది. గుర్రం వాసన పోయింది. మారరసు ఆవిడ ఒళ్ళో తల దాచుకుని చిన్నపిల్లవాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు.

"నాకు ఆకలి పోయిందే అవ్వా... ఇప్పుడు అస్సలు లేదు."

నిన్నటి నుంచి పాలిపోయిన ముఖంలో రక్తం తిరిగింది. బతికాడు బిడ్డ. చామవ్వ చేతులు వాడి వీపు నిమురుతూనే ఉన్నాయి. చెవులు మాత్రం కోటగోడ అవతల ఉన్నాయి. కోట తలుపులు మూసి చాలాసేపయింది. బయట వానలో తుంగ దారిన గుర్రపు డెక్కల చప్పుడు వినిపిస్తోంది.

పరుగు కాదు... నడక. తొందరేమీ లేనట్టు.