ఎదుర్లంక రేవులో ఎంజైమ్

“తేనెపట్టు ఖాళీ అయింది.”

భీమవరం ఎస్టీడీ బూత్‌లో ఆ కోడ్ మాట వినగానే ఏజెంట్ శాంతికుమార్ నిటారుగా నిలబడ్డాడు. ఫోన్లో చీఫ్ పల్లంరాజు గొంతు పొడిగా ఉంది.

“ల్యాబ్ నుంచి స్టీల్ ఫ్లాస్కు పోయింది. లోపల ఎంజైమ్ పూసలున్నాయి. గ్లూకోజ్‌ని ఫ్రక్టోజ్‌గా మారుస్తాయి. పరమాణువులు అవే, అమరిక వేరు. తీపి రెట్టింపు. రేపు మన పేటెంట్ దరఖాస్తు. ఈలోగా అవి హెల్మర్ ముఠా చేతిలో పడ్డాయో, వాళ్ళదే ముందు పడుతుంది.”

“ల్యాబ్‌లో నిఘాకి పెట్టిన మన భానుశ్రీ ఏమంటోంది సార్?”

“నిన్ను ఎదుర్లంక రేవుకి రమ్మంది.”

రొయ్యల మేత సేల్స్‌మన్ వేషంలో వెళ్ళాడు. భానుశ్రీ నవ్వుతూ ఇచ్చిన కొబ్బరిబొండం తాగాడు. మళ్ళీ కళ్ళు తెరిచేసరికి పడవలో ఉన్నాడు. చేతులు కట్టేసి ఉన్నాయి. నోట్లో గుడ్డ.

“సారీ అండి,” పట్టుచీర సర్దుకుంటూ అతని చెవిలో అంది భానుశ్రీ. “హెల్మర్ నాకు కొత్త పాస్‌పోర్ట్ ఇస్తున్నాడు.”

పడవ బుల్లియ్యది. అతనికి తెలిసిందల్లా ఈ కట్టేసినాయన మేడం గారి బావగారని, కాకినాడ ఆసుపత్రికి తీసుకెళ్తున్నారని. అందుకే తన తువ్వాలు మడిచి శాంతికుమార్ తల కింద పెట్టాడు. ఆ మెత్తదనానికి ఏజెంట్ కళ్ళు చెమర్చాయి.

రేవు చివర పోలీసులు స్టీల్ ఫ్లాస్కు కోసం వెతుకుతున్నారు. “బావగారి మందు ఇందులో పోస్తానండి,” అంటూ భానుశ్రీ పడవలోని ఖాళీ నీరా కుండ అందుకుంది.

“ఉండండమ్మా, మందంటున్నారు కదా! పులిసిపోద్దండి.” బుల్లియ్య కుండ లోపల సున్నం ఇంకో పూత దట్టంగా పూశాడు. నీరా కల్లు కాకుండా అక్కడ అందరూ చేసేదే. భానుశ్రీ థాంక్స్ చెప్పి, బుల్లియ్య దగ్గరున్న తాటి నీరా పోసి, అందులోకి పూసలు వంపి, ఫ్లాస్కును నీళ్ళలోకి జారవిడిచింది. ఆమె నిఘా మనిషే తప్ప కెమిస్ట్ కాదు.

శాంతికుమార్ ఎమ్మెస్సీ కెమిస్ట్రీ. సున్నమంటే కాల్షియం. ఈ ఎంజైమ్‌కి మెగ్నీషియం ప్రాణం, కాల్షియం ఉరి. కానీ పూసలు హెల్మర్ చేతికి చేరేలోగా ఆ ఉరి బిగుస్తుందా? అతను చేయగలిగింది ఏమీ లేదు.

కానిస్టేబుల్ తొంగిచూశాడు. “ఈయనేంటండి ఇలాగ?”

“మా బావగారండి. మతి చెదిరింది. తానో గూఢచారినంటారు.”

“అయ్యో పాపం, మంచి వయసే!” ముంతెడు నీరా తాగి పడవని వదిలేశాడు. శాంతికుమార్ మూలిగాడు.

“ఊరుకోండి బావగారూ,” అంది భానుశ్రీ.

నడి గోదావరిలో హెల్మర్ లాంచీ ఆగి ఉంది. అతను పడవలోకి దిగి, పూసలు కడిగి, గోరువెచ్చని గ్లూకోజ్ నీళ్ళలో వేసి, పోలారిమీటర్‌లో పెట్టాడు. గ్లూకోజ్ వెలుగుని కుడికి తిప్పుతుంది. ఫ్రక్టోజ్‌గా మారుతుంటే ముల్లు ఎడమకి రావాలి.

అందరూ ముల్లు వంకే చూస్తున్నారు. అది వణికింది.

పడవ ఊగిందంతే. ముల్లు మళ్ళీ కుడివైపే నిలబడింది.

“ఫేక్!” హెల్మర్ కుండని గోదావరిలోకి విసిరికొట్టాడు. లాంచీ సముద్రం వైపు వెళ్ళిపోయింది, భానుశ్రీ పాస్‌పోర్ట్‌తో సహా.

భానుశ్రీ వచ్చి శాంతికుమార్ కట్లు విప్పింది. “మీరే అరెస్ట్ చెయ్యండి. హెల్మర్ మనుషులకి దొరికితే నన్ను బతకనివ్వరండి.”

బుల్లియ్య శాంతికుమార్ మొద్దుబారిన చేతులు రుద్దుతూ మురిసిపోయాడు. “మీ బావగారికి నెమ్మదించినట్టుందండి మేడం గారూ!”

మర్నాడు ఫోన్లో చీఫ్. “పేటెంట్ దరఖాస్తు పడింది. శభాష్! అసలు ఎలా ఆపావయ్యా?”

“నోట్లో గుడ్డ ఉంది సార్,” అన్నాడు శాంతికుమార్. “లేకపోతే ఏదో ఒకటి వాగి చెడగొట్టేవాణ్ణే.”