ఇష్టంలో ఒత్తు

"అప్‌డేట్ వెయ్యాలి."

"వద్దు."

"ఎందుకు వద్దో చెప్పండి."

"ఎందుకు వెయ్యాలో మీరు నిన్నా చెప్పారు, మొన్నా చెప్పారు. ఎందుకు వద్దో నేనూ చెప్పాను. ఇవాళ కొత్తగా చెప్పుకునేది ఏమీ లేదు. ఆ గొడుగు అక్కడ పెట్టకండి, కాగితాలు తడుస్తాయి."

ఆ అమ్మాయి గొడుగు తీసుకెళ్లి తలుపు బయట ఆనించి, మళ్లీ వచ్చి అదే చోట నిలబడింది. ఆ బిల్డింగ్‌లో ఉన్న షాపులన్నిటి కంప్యూటర్లూ చూసుకునే ఉద్యోగం ఆమెది. అందరూ కొత్త సిస్టమ్‌లోకి మారిపోయారు. మారనిదల్లా పై అంతస్తులో ఉన్న ఈ చిన్న ప్రింటింగ్ ప్రెస్ ఒక్కటే. ఆమె ఎక్కడ చెయ్యి చాపి బటన్ నొక్కేస్తుందోనని, అతను కుర్చీ లాక్కుని కంప్యూటర్‌కి అడ్డంగా కూర్చున్నాడు.

పెళ్లికార్డులు, కరపత్రాలు, బిల్లు పుస్తకాలు, అప్పుడప్పుడూ స్కూలు మేగజైన్లు. ఆ ప్రెస్‌లో టైపు చేసేది అతని పిన్ని, తప్పులు దిద్దేది అతను. దిద్దడమంటే అతనికి ఉద్యోగం కాదు, జబ్బు. హోటల్‌కి వెళ్తే మెనూ కార్డు మీద ఒత్తులు సరిచేసిగానీ ఆర్డరివ్వడు. అందుకే ఈ అమ్మాయి వచ్చిన మొదటిరోజే అతనికి ఒత్తుగారు అని పేరు పెట్టేసింది. ఊరుకుంటే మర్యాదగా ఉండదని అతను ఆమెకి అప్‌డేట్ అని పెట్టాడు. అసలు పేర్లతో ఇద్దరికీ అవసరం పడలేదు.

"ఒత్తుగారూ, కింద ట్రావెల్స్ వాళ్ల సంగతి చూశారుగా. పొద్దున వచ్చి చూసుకునేసరికి ఒక్క ఫైలూ తెరుచుకోలేదు. ఎవడో ఎక్కడో కూర్చుని అన్నిటికీ తాళం వేసేశాడు. మీ సిస్టమ్ అప్పటి వాళ్లదానికన్నా పాతది. మీరు వీధి తలుపు బార్లా తీసి నిద్రపోతున్నట్టు లెక్క."

"నెట్ పీకేస్తాను. తలుపే ఉండదు."

"ఆర్డర్లన్నీ మెయిల్లోనేగా వచ్చేది? ఇకమీదట పావురాలతో తెప్పించుకుంటారా?"

ఆ మాటకి పక్క కంప్యూటర్ దగ్గరున్న పిన్ని నవ్వింది. నవ్వుతున్నా ఆవిడ వేళ్లు ఆగలేదు. చూపు ఎదురుగా ఉన్న కాగితం మీద, చేతులు కీబోర్డు మీద. వాటి పాటికి అవి వర్షంలాగే పడుతూ ఉంటాయి.

అతను లేచి వరండాలోకి నడిచాడు. రమ్మన్నట్టు తల ఊపితే ఆమె కూడా వచ్చింది.

"పిన్ని ముందు చెప్పడం ఇష్టం లేక ఇన్నాళ్లూ ఏవో సాకులు చెప్పాను," అన్నాడు గొంతు తగ్గించి. "మా టైపింగ్ సాఫ్ట్‌వేర్ చేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. మీ అప్‌డేట్ వేస్తే అది తెరుచుకోదు. కొత్తవాటిలో ఏ అక్షరం ఏ బటన్ కిందుంటుందో పిన్నికి తెలీదు. ఆ వేళ్లతోనే నన్ను పెంచి చదివించింది. ఇప్పుడు ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కూర్చోమంటే, తను ఇక ఎందుకూ పనికిరానని అనుకుంటుంది. అది నేను చూడలేను."

ఆమె వర్షం వైపు చూసింది. జుట్టు చివర్ల నుంచి నీళ్లు కారి భుజం తడుస్తున్నా పట్టించుకోలేదు.

"ఈ ముక్క మొదటిరోజే చెప్పొచ్చుగా," అంది.

"చెబితే?"

"ఇన్నిసార్లు మీతో పోట్లాడే పని తప్పేది."

ఆ తర్వాత ఆమె అప్‌డేట్ మాట ఎత్తలేదు. కానీ రావడం మానలేదు. మధ్యాహ్నాలు అతను డెలివరీలకి బయల్దేరే వేళకి ఎదురొచ్చేది. "ఇవాళ ఎవరి ఒత్తులు తీశారు?" అని అడిగేది. "కింద మీరు పెట్టిన నోటీసులో 'విద్యుత్'కి తప్ప అన్నిటికీ తీశాను," అనేవాడు. అతను తిరిగొచ్చేసరికి ఆమె పిన్ని పక్కన కుర్చీ వేసుకుని, ఒళ్లో లాప్‌టాప్‌తో కబుర్లు చెబుతూ ఉండేది. వాళ్లిద్దరి నవ్వులూ మెట్ల దాకా వినబడేవి. ఆ నవ్వు వినబడితే అతను రెండేసి మెట్లు ఎక్కేవాడు. వినబడకపోతే ఆగి, గొడుగు తలుపు బయట ఉందో లేదో ముందు చూసుకునేవాడు.

ఒకరోజు డెలివరీ లేదని తెలిసి సగం దారిలోంచే వెనక్కొచ్చాడు. లోపల పిన్ని మాట వినబడింది.

"వాడికి మాత్రం తెలియనివ్వకమ్మా."

అతను గుమ్మంలోకి రాగానే ఆ అమ్మాయి లాప్‌టాప్ టక్కున మూసేసింది. మూసేలోపే తెర కనబడింది. కొత్త సిస్టమ్, కింద షాపులన్నిట్లో ఉన్నదే.

"ఇదా జరుగుతోంది?" అన్నాడు. "నేను నమ్మి మనసులో మాట చెప్పుకుంటే, నా వెనక ఆవిణ్ని ఒప్పిస్తున్నారా? మీకు కంప్యూటర్లే తప్ప మనుషులు కనబడరా?"

ఆమె పిన్ని వైపు చూసింది. పిన్ని తల అడ్డంగా ఊపింది. ఆమె లాప్‌టాప్ సంచిలో పెట్టుకుని, గొడుగు తీసుకుని మెట్లు దిగిపోయింది.

సాయంత్రం ఫోన్‌కి ఒక మెసేజ్ వచ్చింది. 'అప్‌డేట్ సంగతి మీ ఇష్టం.'

అంతే. అతను దాన్ని చాలాసార్లు చదివాడు. ఒత్తు సరిగ్గా పడింది. దిద్దడానికి ఏమీ లేదు.

ఇక ఆమె రాలేదు. వర్షం మాత్రం వేళకి వచ్చి పోతోంది. గుమ్మం పక్కన గొడుగు పెట్టే చోటు పొడిగా ఉంటోంది. ప్రూఫు చదవబోతే వరసలు కలిసిపోతున్నాయి. ఒక కరపత్రంలో 'అమ్మకం' కాస్తా 'అమకం'గా వెళ్లిపోబోతే, పిన్ని పట్టుకుంది.

"ఏరా, ఆ పిల్ల రావడం లేదేం?"

"నాకేం తెలుసు?"

"తరిమేసింది నువ్వు. నీకు కాక ఎవరికి తెలుస్తుంది?" పిన్ని కుర్చీ అతని వైపు తిప్పింది. "ఆ పిల్ల నన్ను ఒప్పించడానికి రాలేదు. నా పక్కన కూర్చుని, నా వేలు ఎక్కడ పడితే ఏ అక్షరం వస్తోందో చూసుకుంటూ, కొత్త సిస్టమ్‌లో అచ్చంగా అలాంటి కీబోర్డే తయారుచేస్తోంది. లోపలంతా మారినా నా 'క' నా 'క' ఉన్నచోటే ఉండాలట."

అతను చేతిలో పెన్ను కింద పెట్టాడు.

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"నేనే వద్దన్నాను. కుదరకపోతే ఆ బాధేదో నేనే పడదామనుకున్నా. నువ్వు నా వైపు జాలిగా చూస్తే నాకు ఒళ్లు మంట." ఆవిడ గొంతు పెరగలేదు గానీ, మాట మాత్రం సూటిగా తగిలింది. "అసలు నా వేళ్ల సంగతి నువ్వెలా తేల్చేశావురా? పిన్నీ, నీకు చేతనవుతుందా, ఓసారి చూస్తావా అని ఒక్క మాట అడిగావా?"

అడగలేదు. పిన్నిని కాపాడుతున్నానన్న గొప్పలో పిన్నినే మర్చిపోయాడు. మనుషులు కనబడనిది ఎవరికో అతనికి అప్పుడు అర్థమైంది, సిగ్గేసింది.

"ఇంకో సంగతి కూడా విను," అంది పిన్ని మళ్లీ టైపింగ్‌లో పడుతూ. "మిగతా షాపులన్నిటికీ ఆ పిల్ల తన సీట్లో కూర్చునే అప్‌డేట్ వేసేసిందట. మన దగ్గరికే మెట్లెక్కి వచ్చేది. అది నా కీబోర్డు కోసమే అనుకుంటే నీ అంత అమాయకుడు ఇంకోడు ఉండడు."

పిన్ని భోజనానికి లేచాక అతను ఆవిడ కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. ఫోన్లో ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసి పంపడం అతని దృష్టిలో నేరం. అందుకని చక్కగా పేజీ తెరిచి, అలవాటైన పాత ఫాంట్‌లోనే రాశాడు, కొట్టేశాడు, మళ్లీ రాశాడు. దాన్ని కాపీ చేసి మెయిల్లో పెట్టాక, చూసుకునే ధైర్యం చాలక కళ్లు మూసుకుని సెండ్ నొక్కాడు.

జవాబు వెంటనే వచ్చింది.

'మీ కంప్యూటర్‌లో వైరస్ దూరింది. ఏమీ ముట్టుకోకండి. నెట్ వైరు పీకెయ్యండి. వస్తున్నా.'

వైరు పీకడం పూర్తవుతుండగానే మెట్ల మీద పరుగు వినబడింది. ఆమె గొడుగు కూడా లేకుండా నిలువునా తడిసి వచ్చింది. వెనకే పిన్ని, తువ్వాలు పట్టుకుని.

"ఏ లింక్ నొక్కారు?"

"ఏదీ నొక్కలేదు."

"ఏదీ నొక్కకుండానే మీ మెయిల్ నుంచి ఇది వచ్చిందా?" ఫోన్ అతని ముఖం ముందు పెట్టింది. దాన్నిండా సగం విరిగిన ఇంగ్లీషు అక్షరాలు, డాలర్ గుర్తులు, తలకిందులైన ప్రశ్నార్థకాలు.

అతను ఫోన్ దగ్గరికి లాక్కుని చూశాడు. పాత ఫాంట్‌లో రాసింది, ఆ ఫాంట్ లేనిచోట ఇలాగే చెల్లాచెదురవుతుంది. బొమ్మ చేసి పంపండి, అక్షరాలు పంపకండి అని వచ్చిన ప్రతి కస్టమర్‌కీ చెప్పేవాడు తనే.

"వైరస్ కాదు," అన్నాడు. "నేనే."

ఆమెకి అర్థం కాలేదు. మౌస్ కదిపి మెయిల్ పక్కకి తప్పించింది. వెనకాల అతను మూయడం మర్చిపోయిన పేజీ ఉంది, పెళ్లికార్డులకి వాడే పెద్ద పెద్ద అక్షరాల్లో.

'ఆ రోజు అన్న మాట తప్పు. మనుషులు కనబడనిది నాకే. మీరు రాని షాపులో నాకు ఏ పనీ తోచడం లేదు. మీరంటే నాకు ఇషం.'

ఆమె చదివింది. మళ్లీ చదివింది. చెంపల మీది నీళ్లు తుడుచుకోవడానికి తువ్వాలు అందుకుని, అందులో నవ్వు దాచుకుంది.

"ఇషం అంటే ఏమిటి ఒత్తుగారూ?"

అతను తెర వైపు చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"విషం అనబోయి ఉంటాడు," అంది పిన్ని.

"ఇష్టం," అన్నాడు అతను. "ఒత్తు పడలేదు."

"ఊళ్లో వాళ్ల ఒత్తులన్నీ దిద్దుతారు, మీ దగ్గరికొచ్చేసరికి ఏమైంది?"

"ఊళ్లో వాళ్ల మాటలకి నా చెయ్యి వణకదు."

ఆమె నవ్వు ఆగిపోయింది. కళ్లు మాత్రం అతని మీదే ఉన్నాయి. "వేరే షాపు నుంచి ఇలాంటి మెయిలొస్తే ముందు కూర్చుని ఆలోచిస్తాను," అంది మెల్లగా. "మీ దగ్గర్నుంచి అనేసరికి గొడుగు కూడా గుర్తు రాలేదు."

పిన్ని గొంతు సవరించుకుంది. "మీ సంగతి తర్వాత. నా కీబోర్డు సంగతేమిటి?"

"అయిపోయింది పిన్నిగారూ. ఒత్తులే కాస్త ఏడిపించాయి. ఇప్పుడు పడతాయనే అనుకుంటున్నా. మీ పాత ఫైళ్లు అన్నీ విడిగా దాచాను. కానీ ఒకసారి వేశాక వెనక్కి రావడం కష్టం. మీరు సరేనంటేనే."

ఆమె నెట్ వైరు మళ్లీ తగిలించి, కొత్త కీబోర్డుతో సహా అప్‌డేట్‌ని తెర మీద సిద్ధంగా పెట్టింది. అతను పిన్నిని కుర్చీలో కూర్చోబెట్టి, పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు. "పిన్నీ, వెయ్యమంటావా?"

"ఇప్పటికి అడిగావు." ఆవిడ అతని తల మీద ఒకసారి చెయ్యి వేసి తీసింది. "ఒత్తు."

అతను బటన్ ఒత్తాడు.

తెర నల్లబడింది. కంప్యూటర్ ఆపవద్దని ఒక వాక్యం, దాని కింద తిరిగే చుక్కలు. పిన్ని చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఆ చేతులు ఊరికే ఉండగా అతను ఎప్పుడూ చూడలేదు. బొటనవేలితో మిగతా వేళ్లని ఒక్కొక్కటే రుద్దుకుంటోంది. భయపడుతోందని అతనికి తెలిసింది. అలా చూస్తే ఆవిడకి ఒళ్లు మంట కాబట్టి, వెళ్లి కిటికీ దగ్గర నిలబడ్డాడు. ఆమె కూడా వచ్చి పక్కన నిలబడింది.

"రాకపోతే?" అన్నాడు మెల్లగా.

"మళ్లీ చేస్తాను. వచ్చేదాకా చేస్తాను."

ఇద్దరి మోచేతులూ తగిలాయి. ఎవరూ పక్కకి జరగలేదు.

కంప్యూటర్ చిన్నగా శబ్దం చేసింది. తెర మీద కొత్త రంగులు వచ్చాయి. ఆమె వెళ్లి తెల్లటి పేజీ ఒకటి తెరిచి తప్పుకుంది. పిన్ని కుర్చీ ముందుకి లాక్కుని, చేతులు కీబోర్డు మీద ఉంచి, కళ్లు మూసుకుంది. వేళ్లు కదిలాయి.

మీరంటే నాకు ఇష్టం.

'ష' కింద 'ట' ఒత్తు బుద్ధిగా వచ్చి కూర్చుంది. పిన్ని కళ్లు తెరిచి ఆ ఒక్క అక్షరాన్నే చాలాసేపు చూసింది. తర్వాత కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకుంది. తుడవాల్సింది కళ్లజోడు కాదని ముగ్గురికీ తెలుసు.

"నా వేళ్లు నా దగ్గరే ఉన్నాయమ్మా," అంది ఆ అమ్మాయి చెయ్యి పట్టుకుని. "ఉండు, ఒక కాపీ తీస్తాను."

ప్రింటర్‌లోంచి కాగితం వచ్చింది. అతను పెన్ను పట్టుకుని అలవాటుగా మొదటి అక్షరం నుంచి చివరి చుక్క దాకా సరిచూశాడు. తప్పేమీ లేదు. కాగితం, పెన్ను ఆమె చేతికిచ్చాడు. గోడ మీద కస్టమర్ల కోసం ఎప్పట్నించో ఉన్న బోర్డు వైపు చూపించాడు. 'ప్రూఫు చూసి ఓకే అని సంతకం చెయ్యండి. ఆ తర్వాత కనబడిన తప్పులకు మేము బాధ్యులం కాము.'

"సరిగ్గా చూసుకో తల్లీ," అంది పిన్ని. "వీడిలో తప్పులు చాలా ఉన్నాయి. తర్వాత నన్ననొద్దు."

"చూశాను పిన్నిగారూ. రోజూ మెట్లెక్కి వచ్చింది అందుకేగా."

ఆమె బల్ల మీద కాగితం పరిచి, ఆ వాక్యం కింద 'ఓకే' అని రాసి సంతకం పెట్టింది. ఆ సంతకంలో అతను మొదటిసారి ఆమె అసలు పేరు చదివాడు. ఒకటికి రెండుసార్లు చదివాడు.

ఇంకేం మాట్లాడాలో తోచక, రోజూ అందరినీ అడిగేదే అడిగాడు.

"ఎన్ని కాపీలు?"

"ఒక్కటి చాలు," అంది ఆమె, కాగితం మడిచి దాచుకుంటూ.