మకడమియా మొక్కకు రోజాల ఎరువు

“మళ్ళీ వచ్చారా?” అంది నర్సరీ అమ్మాయి, అతని చేతిలో పండిన ఆకు చూసి.

వాచీలు బాగుచేసే ఆ అబ్బాయికి చేతులు చకచకా ఆడతాయి. ఈ అమ్మాయి ఎదుట నోరు విప్పమంటే మాత్రం ప్రాణం మీదికి వస్తుంది.

“మీరిచ్చిన ఆ విదేశీ గింజల మొక్క, మకడమియాకి మళ్ళీ ఏదో అయిందండీ.”

“భాస్వరం ఎరువు వేశారా?”

“ఒట్టు! దానికి పడదన్నారుగా. మా అమ్మకి కూడా చెప్పాను.”

“రాయిలాంటి ఆ మకడమియా కాయ పెంకు పగలగొట్టడం నయం, మీతో నిజం చెప్పించడం కంటే. నా చేత్తో అంటుకట్టిన మొక్కండీ అది! సాయంత్రం ఇంటికొచ్చి చూస్తా. తప్పు మీదైతే పట్టుకెళ్ళిపోతా. ఇంకోటి కూడా ఇవ్వను.”

అతను ఆకు గబుక్కున జేబులో పెట్టుకున్నాడు. మొక్కతోపాటు, ఆ వంకతో దొరికే ఈ నాలుగు మాటలూ పోతాయి.

అన్నట్టే వచ్చింది. ఇద్దరూ మేడెక్కేసరికి అతని తల్లి కుండీ దగ్గర కూర్చుని, భాస్వరం ఎక్కువగా ఉండే రోజాల ఎరువు చెంచాతో వేస్తోంది.

“అమ్మా! ఏంటిది? దానికి పడదని చెప్పానుగా!”

“చెప్పావు కాబట్టే వేశాను,” అందామె, ఇక దాచి లాభం లేదని. “మరేం చెయ్యనమ్మా? మొక్క పచ్చగా ఉంటే వీడు మీ షాపుకి వస్తాడా? ఇంట్లో అద్దం ముందు నీతో గంటలకొద్దీ మాట్లాడతాడు. నీ ముందుకొచ్చి ఆకు చూపించి తిరిగొస్తాడు!”

అబ్బాయికి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అమ్మాయి నవ్వలేదు. కుండీ ఎత్తుకుంది.

“తల్లీకొడుకులు కలిసి దీని ప్రాణం తీసేట్టున్నారు. మట్టి మార్చాలి. ఇక ఇది మా దగ్గరే ఉంటుంది,” అని చరచరా మెట్లు దిగిపోయింది.

“ఇప్పుడైనా నోరు తెరవరా!” అంటూ తల్లి అతని వీపు మీద ఒక్కటి చరిచింది.

పరిగెత్తి గేటు దగ్గర అందుకున్నాడు. “ఏమండీ, నేను మొక్క కోసం రాలేదు. ఒక్కసారి కూడా రాలేదు. మీరంటే ఇష్టం, అందుకే వచ్చాను. మొక్క లేకపోయినా రావచ్చా?”

ఆమె ముఖం ఆకుల చాటుకు వెళ్ళింది. ఆకులు వణికాయి. నవ్వు ఆపుకోలేకపోతోంది.

“ఈ మాటేదో మొదటి వారమే అనుంటే నా మొక్క బతికిపోయేది కదా, మహానుభావా!” అని కుండీ అతని చేతుల్లో పెట్టింది. “మొయ్యండి. షాపుదాకా నడుద్దాం.”

మేడ మీంచి తల్లి కేక వినిపించింది.

“చుట్టూ తిరిగి వెళ్ళండి నాన్నా, తొందరేం లేదు!”